కోల్డ్‌కెటిల్ దీవిలో ఎవరూ లేరు

కెనడాలో దూరమనేది ప్రకృతి ఇచ్చేది కాదు, ప్రభుత్వం మంజూరు చేసేది. ఒక ఊరికి వెళ్లడానికి రెండు విమానాలూ, ఒక బస్సూ, ఒక ఫెర్రీ మారవలసి వచ్చినా, దారిలో కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకోవలసి వచ్చినా, సుదూరతా నిర్ధారణ మండలివారు సంతకం చేసేదాకా ఆ ఊరు దగ్గరే. సంతకం పడ్డాక దూరం. సంతకానికి గడువు తీరితే మళ్లీ దగ్గర. (గడువు తీరిన నాడు ఊరు జరిగి దగ్గరకు వచ్చినట్టు అక్కడివాళ్లకు అనిపించకపోవచ్చు. అది వారి అనుభవలోపం.)

సుదూర ప్రాంతమంటే ఏమిటో మండలివారు స్పష్టంగా నిర్వచించారు. సందర్శకుడు పడవ దిగి ఊరు దాటేలోగా ఎదురుపడే మనుషులు అతని చేతివేళ్లకు మించరాదు. కాఫీ దొరకవచ్చు గాని బాగుండరాదు. సందర్శకుడు ఎవరూ అడగకుండానే కనీసం ఒకసారి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అనవలెను. ఇలాంటి చోట ఉండి పనిచేసుకునేవాళ్లకు పీఆర్ కోసం, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే హక్కు కోసం, అదనపు పాయింట్లు ఇస్తారు. మనుషులు లేని చోట మనుషులు ఉండాలన్నది ప్రభుత్వ ఆశయం. మనుషులొచ్చి ఉంటే అది ఇక మనుషులు లేని చోటు కాదన్నది ప్రభుత్వ నిబంధన. ఆశయం ఉండే ఆఫీసు మూడో అంతస్తులో, నిబంధన ఉండే ఆఫీసు అయిదో అంతస్తులో ఉన్నాయి. లిఫ్టు పనిచేయదు.

ఈ రెండు అంతస్తుల నడుమ ఉన్న సందులోకి మొదట దూరింది కోరుట్ల పిల్ల వర్ష.

సార్నియా అనే ఊళ్లో రెండేళ్లు బస్సు కోసం ఎదురుచూస్తూ, మధ్యమధ్య కాలేజీలో చదువుకుంటూ ఆమె డిప్లొమా పూర్తిచేసింది. ఆ తర్వాత వర్క్ పర్మిట్ మీద కిచెనర్ అనే ఊళ్లో కాఫీ కలిపింది, డబ్బాలు మోసింది, ఇంగ్లిషు పరీక్ష మళ్లీ మళ్లీ రాసింది. ఆమె పాయింట్లు పెరిగినప్పుడల్లా పీఆర్ కటాఫ్ కూడా పెరిగింది. తానూ కటాఫూ ఒకే కోచింగ్ సెంటర్‌కు వెళ్తున్నామేమోనని ఆమెకు అనుమానం. వర్క్ పర్మిట్ ఆకులు రాలే కాలానికి ముగిసిపోతుంది. ఈలోగా పీఆర్ రాకపోతే పెట్టె సర్దుకోవడమే. అలాంటి సమయంలో తూర్పు సముద్రంలో, మ్యాపులో ఈగ వాలిన మచ్చలా ఉండే కోల్డ్‌కెటిల్ దీవి ఆమె కంటపడింది. అక్కడ పీతల ఫ్యాక్టరీ ఒకటి, లైట్‌హౌస్ ఒకటి, వెనకాల మబ్బుల్లోకి ఎక్కిపోయిన కొండలు. సుదూరత పాయింట్లు వేసుకుంటే ఆమె లెక్క సరిగ్గా కటాఫ్ దాటుతుంది.

వర్ష ఈ సంగతి తన రూమ్మేట్ నిఖిలకు ఒక్కదానికే, అదీ ఒట్టు వేయించుకుని చెప్పింది. నిఖిల వికాస్‌కు ఒక్కడికే చెప్పింది. వికాస్‌కు యూట్యూబ్ చానెల్ ఉంది.

"ఎవరికీ తెలియని దీవి! పీఆర్ పక్కా! దయచేసి ఎవరికీ చెప్పకండి ఫ్రెండ్స్" అన్న ఆ వీడియోను లక్షలాదిమంది చూసి, ఎవరికీ చెప్పకుండా బయల్దేరారు. ఆ వసంతంలో ఫెర్రీ వచ్చినప్పుడల్లా ఒడ్డున కుక్కర్లు దిగేవి. దీవి మొత్తం రాయే కనుక అక్కడ ఏ ఇంటికీ బేస్‌మెంట్ లేదు. అయినా మనవాళ్లకు బేస్‌మెంట్లు అద్దెకు దొరికాయి. (ఎలాగని అడగకూడదు.) ఎండాకాలం వచ్చేసరికి, తొమ్మిదిమంది ముసలివాళ్లు మాత్రమే ఉండే దీవిలో మూడువందల చిల్లర కుర్రాళ్లు. లైట్‌హౌస్ పక్కన క్రికెట్ పిచ్. పీతల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం పూట గోంగూర వాసన.

దీవివాళ్లకు ఇదంతా పండగలా ఉంది. అక్కడే పుట్టి పెరిగిన మిసెస్ పైక్ అయితే ఆనందం పట్టలేక అద్దెలు కూడా సరిగ్గా వసూలు చేయడం మానేసింది. "మా స్కూలు మూతపడ్డాక ఈ వీధుల్లో గట్టిగా నవ్విన మనిషి లేడమ్మా" అంటుంది వర్షతో. ఆమె ఒక టూరిస్టు కంపెనీ నడుపుతుంది. ఉత్తర దీవులు, తీరపు కొండలు, చిన్న బృందాలకు మాత్రమే. ఆరుగురుంటే చిన్న బృందం. ఏడుగురైతే గుంపు. అయిదుగురైతే టూరు రద్దు. ఆరుగురికీ ఒకేసారి, ఒకేచోట, ఎవరి ఏకాంతం వారికి చూపించబడును అని బ్రోషర్‌లో ఉంటుంది. దీవిలో ఆ ఏకాంతాన్ని చూపించే గైడ్ ఉద్యోగం వర్షది.

ఆగస్టులో ఒకరోజు మిసెస్ పైక్ పరుగున వచ్చింది. దీవి సుదూరతకు గడువు తీరుతోందట. మండలి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడట. ఆ వచ్చేది ఎవరన్నది చెప్పరు. మండలికి ప్రయాణ ఖర్చులకు డబ్బు లేదు కాబట్టి ఇన్‌స్పెక్టర్లు మామూలు టూరిస్టుల్లో ఒకరిగా కలిసిపోయి వస్తారు. వచ్చే టూరులోని ఆరుగురిలో ఒకరు ఆ మనిషి. ఆయన వేళ్లు సరిపోనంతమంది ఎదురుపడితే దీవి దగ్గరైపోతుంది. దీవి దగ్గరైతే మూడువందలమందీ ఇళ్లకు దగ్గరవుతారు.

వెంటనే అందరినీ పాత కమ్యూనిటీ హాల్లో సమావేశపరిచారు. దాక్కోవడమే మార్గమని ఏకగ్రీవంగా తీర్మానించి, దాక్కునే కమిటీ ఒకటి వేశారు. సాయంత్రానికి అది రెండు కమిటీలైంది. (ఒకటి కోస్తా, ఒకటి తక్కినవాళ్లది అని గిట్టనివాళ్లు అన్నారు గాని అది నిజం కాదు. రెండింటిలోనూ అధ్యక్షుడెవరన్న దగ్గరే తేడా.) చివరకు ప్రొద్దుటూరు రేవంత్ ఒక్కడే రెండింటికీ అధ్యక్షుడయ్యాక ప్రశాంతత నెలకొంది.

"ఏం కాదులే వర్షా," అన్నాడు రేవంత్. "పొద్దున్నే అందరం ఈ హాల్లోకి దూరిపోతాం. తలుపు మూసేస్తాం. ఊపిరి గూడా మెల్లగ తీస్తాం. వాళ్లు కొండెక్కి దిగి, పడవెక్కి పొయ్యేదాకా ఒక్కడు బయటికొస్తే నన్నడుగు."

"సెల్లులు సైలెంట్ల పెట్టాలె."

"పెడతాం."

"ఎవ్వరూ తుమ్మొద్దు."

"తుమ్మేవాళ్ల లిస్టు తీసి ముందే మాత్రలిచ్చినాం. ఇంగేం గావాల నీకు?"

ఏర్పాట్లలో లోపం లేదు. క్రికెట్ స్టంపులు పీకేశారు. ఆరేసిన బట్టలు తీసేశారు. తలుపుల మీది పసుపు, కుంకుమలు గీకేశారు. ఆలోచించగలిగినవన్నీ ఆలోచించారు. ఆలోచించకుండా చేసే పనుల గురించి ఆలోచించడం ఎవరి తరం?

ఆ రోజు ఫెర్రీలోంచి ఆరుగురు దిగారు. టొరంటో అక్కాచెల్లెళ్లు ఇద్దరు. వాళ్లు ఫొటోల్లోంచి తప్ప దేన్నీ చూడరు. తనను తాను వెతుక్కోవడానికి వచ్చిన కుర్రాడొకడు. (దొరక్కపోతే కంపెనీకి బాధ్యత లేదని అతని చేత సంతకం పెట్టించుకున్నారు.) మెడలో బైనాక్యులర్స్, చేతిలో చిన్న పుస్తకం, ముఖాన చిరునవ్వు లేని గడ్డపాయన ఒకడు. వర్ష ఆయన్ని చూడగానే ఇన్‌స్పెక్టర్ ఇతనేనని తేల్చేసుకుంది. ఆ తర్వాత దిగినవాళ్లను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. స్వెట్టరు మీద చీర కొంగు సర్దుకుంటూ ఒకావిడ, ఆవిడ చేయి పట్టుకుని ఒకాయన.

"కాల్గరీ నుంచమ్మా," అన్నాడాయన నేరుగా తెలుగులో. "కాశీవిశ్వనాథం. చమురు కంపెనీలో జియాలజిస్టుగా చేసి రిటైరయ్యా. ఈవిడ సూర్యకుమారి."

"నీదే ఊరమ్మాయ్?" అంది సూర్యకుమారి.

"సార్నియా ఆంటీ."

"అది కాదు. అసలు ఊరు."

"కోరుట్ల," అంది వర్ష, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"ఇక్కడ ఇంకా మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఒక్కరూ లేరు ఆంటీ. ఇది చాన దూరం గదా."

"హమ్మయ్య," అంది సూర్యకుమారి. "కాల్గరీలో వారానికి రెండు పుట్టినరోజులు, ఒక సత్యనారాయణ వ్రతం. ఎవరూ పిలవని చోటుకి తీసుకెళ్లండి మహాప్రభో అంటే ఈయన ఇక్కడికి తీసుకొచ్చారు."

బృందం ఊళ్లోకి నడిచింది. వీధులు బోసిగా ఉన్నాయి. తలుపులు మూసి ఉన్నాయి. ఎక్కడో ఒక గేటు గాలికి కిర్రుమంటోంది. తొమ్మిదిమంది ముసలివాళ్లూ కూడా కుర్రాళ్లకు తోడుగా హాల్లోనే దాక్కున్నారు. (వాళ్లు దాక్కోనక్కర్లేదు. కాని అంతమంది కలిసి ఏదన్నా చేస్తున్నప్పుడు తాము ఇంట్లో కూర్చోవడం వాళ్లకు నచ్చలేదు.) వర్ష గర్వంతో ఉప్పొంగింది. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నారు అక్కాచెల్లెళ్లు, ఎవరూ అడగకుండానే. ఒక అర్హత పూర్తయింది.

అప్పుడు మిసెస్ పైక్ ఇంటి వెనకనుంచి కుక్కర్ కూత వేసింది.

బృందమంతా ఆగింది. రెండో కూత. మూడో కూత. ఎవడో పప్పు పొయ్యి మీద పెట్టి దాక్కోవడానికి పోయాడు. గడ్డపాయన చటుక్కున పుస్తకం తెరిచాడు. అయిపోయిందనుకుంది వర్ష.

"ఈ దీవిలో మాత్రమే ఉండే పక్షి సార్," అనేసింది ఇంగ్లిషులో. ఏమంటున్నదీ ఆమెకే తెలియదు. "చాలా సిగ్గరి. కనబడదు. వినబడుతుంది, అంతే."

గడ్డపాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లుగా పక్షుల వెంట తిరుగుతున్నాడట. ఇలాంటి కూత ఎన్నడూ వినలేదట. ఆత్రంగా రాసుకుంటున్నాడు.

"మూడే వచ్చాయి," అంది సూర్యకుమారి వర్ష చెవిలో మెల్లగా. "కందిపప్పయితే ఇంకోటి రావాలే."

వచ్చింది. నాలుగోది కొంచెం దీర్ఘంగా వచ్చింది. గడ్డపాయన దాని కింద రెండుసార్లు గీత గీశాడు. వర్ష ఆవిడ ముఖంలోకి చూడలేక, అందరినీ తొందరపెట్టి ముందుకు నడిపించింది. హాలు దాటేస్తే చాలు. ఆ మలుపు తిరిగితే కొండదారి. మలుపు తిరిగారు.

హాలు ముందు చెప్పులున్నాయి.

మెట్ల మీద, మెట్ల కింద, గోడ వెంబడి, గడ్డిలో, అటు కంచెదాకా చెప్పులే. స్నీకర్లు, శాండల్స్, ఫ్యాక్టరీ రబ్బరు బూట్లు, ఆగస్టులో మంచుబూట్లు, ఎవరికో అమ్మ పంపిన కొత్త కొల్హాపురి జత. జత జతగా, బుద్ధిగా, ఒకదాని పక్కన ఒకటి. విప్పమని ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. మూడువందలమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాక్కోవడానికి పరుగెత్తుకొచ్చారు, గుమ్మం దగ్గర ఆగారు, చెప్పులు విప్పారు, లోపలికి పోయి తలుపు మూసుకున్నారు. వాళ్లను చూసి ముసలివాళ్లు కూడా విప్పారు.

వర్షకు కాళ్లకింద దీవి కదిలిపోతున్నట్టుంది. పాయింట్లు, పీఆర్, పెట్టె సర్దుకుని వెనక్కి పోవడం, విమానాశ్రయంలో నాన్న ఏమీ అడక్కుండా పెట్టె అందుకోవడం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"ఏంటమ్మాయ్," అంది సూర్యకుమారి, "లోపలేమన్నా పెళ్లా?"

తనను తాను వెతుక్కుంటున్న కుర్రాడు బ్రోషర్ తీశాడు. "పేజీ చివర ఉంది," అన్నాడు. "కొండల నడకకు తగిన పాదరక్షలను కంపెనీయే సమకూర్చును."

ఆ వాక్యం పదేళ్లుగా అచ్చవుతోంది. దాన్ని ఇంతవరకు ఎవరూ నమ్మలేదు, రాసిన మిసెస్ పైక్ కూడా.

"ఎగ్జాక్ట్‌లీ!" అని అరిచింది వర్ష. "అన్ని సైజులూ ఉన్నాయి. దయచేసి ఎంచుకోండి!"

అక్కాచెల్లెళ్లు ఎగబడ్డారు. ఒకావిడ కొల్హాపురి జత తొడుక్కుని అటూఇటూ తిరిగి చూసుకుంది. కుర్రాడు మంచుబూట్లు వేసుకున్నాడు. గడ్డపాయన చాలాసేపు వెతికి, మెట్టు మీద విడిగా, గౌరవంగా పెట్టి ఉన్న ఎర్ర షూ జత తీసుకున్నాడు. అవి రేవంత్‌వి. పీఆర్ వచ్చిననాడు వేసుకుందామని కొని దాచుకున్నవి. ఇవాళ్టితో వచ్చినట్టే కదా అని పొద్దున వేసుకున్నాడు. గడ్డపాయన మెట్టు మీద కూర్చుని, తన పాత బూట్లు విప్పి, ఆ ఎర్ర షూకు లేసులు బిగిస్తుంటే కిటికీ తెర కొంచెం కదిలింది.

"యో సామీ, నా షూ!" అని వినిపించింది లోపలినుంచి, ఊపిరి ఎంత మెల్లగా తీసినా ఆగని గొంతుతో. వెంటనే ఎవరో ఆ నోరు మూసేసిన చప్పుడు.

గడ్డపాయన తలెత్తాడు. "గాలి," అంది వర్ష ఇంగ్లిషులో. "ఇక్కడి గాలి అంతే."

"ఈ గాలిది ప్రొద్దుటూరు యాసమ్మా," అంది సూర్యకుమారి తెలుగులో.

ఆవిడ మాత్రం ఎవరి చెప్పులూ ముట్టుకోలేదు. "ఒకరి చెప్పులు మనమేసుకుంటే వాళ్ల శని మనకి పడుతుంది. పోగొట్టుకున్నవాళ్లకి శని వదులుతుంది. పోనీలెండి, పిల్లలకి వదిలితే మంచిదే," అంది భర్తతో. ఆయన హాలు తలుపు వంకా, చెప్పుల వంకా మార్చి మార్చి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

కొండపైన గాలి బట్టలు ఊడలాగుతోంది. కింద సముద్రం, ఎర్రటి బండలు, వాటి మీద తెల్లగా పక్షులు. టూరు నిబంధనల ప్రకారం ఇక్కడ ఏకాంత విరామం. ఒక్కొక్కరూ ఒక్కో బండ దగ్గర, పక్కవాళ్లు కనబడనట్టు నటిస్తూ నిలబడాలి. అందరూ విడిపోయాక కాశీవిశ్వనాథం వర్ష దగ్గరకొచ్చి, జేబులోంచి ఒక కార్డు తీసి చూపించాడు. సుదూరతా నిర్ధారణ మండలి. గౌరవ ఇన్‌స్పెక్టర్.

"మీరా అంకుల్!"

"జీతాలివ్వడానికి మండలి దగ్గర డబ్బుల్లేవమ్మా. మాలాంటి రిటైరైనవాళ్లని వేసుకుంటారు. టూరు ఫ్రీ. మీ ఆంటీకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు." ఆయన కింద ఊరి వైపు వేలు చూపించాడు. "హాల్లో ఎంతమందున్నారు?"

వర్ష ఇక అబద్ధమాడలేకపోయింది. "మూడొందల చిల్లర అంకుల్. మాదేం తప్పు లేదంకుల్. పాయింట్లు ఇస్తమంటేనే వచ్చినం. నా పర్మిట్ అక్టోబర్ల అయిపోతది. ఇది పోతే నేను పోవుడే." అంటూనే ఏడ్చేసింది. గాలికి కన్నీళ్లు పక్కకు కారి చెవుల్లోకి పోయాయి.

కాశీవిశ్వనాథం సముద్రం వైపు తిరిగాడు.

"నేను కాల్గరీ వచ్చిన కొత్తలో, తెలుగువాడు కనబడితే రోడ్డు దాటి వెళ్లి మరీ పలకరించేవాణ్ణి. బస్సులో తెలుగు మాట వినబడిందని స్టాపు దాటిపోయినా దిగలేదు ఒకసారి," అన్నాడు. "ఇవాళ నేనొస్తున్నానని మూడొందలమంది తలుపేసుకుని దాక్కున్నారు. ఎంతకొచ్చిందమ్మా!"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన నోటివెంట ఆ వాక్యం వచ్చింది.

"నువ్వేం కంగారుపడకు. నేను చూసుకుంటా."

(ఈ వాక్యం తర్వాత ఏమేం జరిగిందన్న దానిపై మన జాతి చరిత్రలో ఇంకా పరిశోధన జరగలేదు. జరగాలి.)

"పదిమంది లోపల ఉన్నరని రాస్తే చాలంకుల్," అంది వర్ష ముక్కు తుడుచుకుంటూ. "రూలు అంతే."

"చూశావా, ఇదే మీ తరంతో వచ్చిన చిక్కు," అన్నాడు కాశీవిశ్వనాథం, ఒక్కసారిగా ట్యూషన్ మాస్టారి గొంతుతో. "పాస్ మార్కులొస్తే చాలనుకుంటారు. పదిమంది అంటే బోర్డర్‌లో ఉన్నట్టు. రేపెవడో రీకౌంటింగ్ అంటాడు. మన పిల్లలకి పాస్ మార్కులేమిటి? డిస్టింక్షన్ తెప్పిస్తా."

వర్ష ఆయన కాళ్లకు దండం పెట్టింది. ఏకాంతంలో ఉన్న తక్కినవాళ్లు కనబడనట్టే నటించారు.

సాయంత్రం ఫెర్రీ కూత వేసింది. అది నిజం ఫెర్రీయే అయినా గడ్డపాయన అలవాటు కొద్దీ పుస్తకం తీశాడు. బృందంలో ఎవరూ చెప్పులు తిరిగివ్వలేదు. టూరు జ్ఞాపికలనుకున్నారు. తనను తాను వెతుక్కుంటున్న కుర్రాడు మంచుబూట్లలో తాను దొరికినట్టే ఉందని చెప్పాడు. సూర్యకుమారి పడవెక్కే ముందు వెనక్కి నడిచి వెళ్లి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సున్నుండల డబ్బా తీసి హాలు మెట్ల మీద పెట్టింది. మూసి ఉన్న తలుపుతో, "నెయ్యి బాగానే వేశా. కొట్టుకోకుండా తినండి," అని చెప్పి వచ్చేసింది. తలుపు ఏమీ అనలేదు. కాని లోపల ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

పడవ కనుమరుగయ్యాక తలుపు తెరుచుకుంది. ఆ సంబరం చెప్పనలవి కాదు. మూడువందలమందీ సముద్రపొడ్డుకు పరుగెత్తారు. ముసలివాళ్లు డప్పులకు బదులు పీతల బుట్టలు వాయించారు. మిసెస్ పైక్ తీన్మార్ ఆడింది. డబ్బాలోని సున్నుండలు ఎంత చిన్న ముక్కలుగా చేస్తే అందరికీ అందుతాయో అంత చిన్న ముక్కలు చేశారు. అందరికన్నా ఎక్కువ గంతులేసింది రేవంత్. "నాకు శని వదిలింది సామీ! ఎర్ర షూలో ఎక్కి పడవలో పోయింది!" అని, గడ్డపాయన వదిలిపోయిన పాత బూట్లు తొడుక్కుని, తడి ఇసుకలో దబ్బుదబ్బున ఎగిరాడు. వర్ష నవ్వి నవ్వి కూలబడి, ఇన్నాళ్ల తర్వాత నిద్రపట్టేలా ఉందనుకుంది.

ఆకులు ఎర్రబడే వేళకు మండలి నిర్ణయం పోర్టల్‌లో వచ్చింది. కోల్డ్‌కెటిల్ దీవికి సంపూర్ణ సుదూరత ప్రదానం చేయడమైనది. మండలి చరిత్రలో ఏ ప్రాంతానికీ దక్కని గౌరవం. ఇకపై ఆ దీవికి పాయింట్లు రెట్టింపు. హాల్లో కేకలు, ఈలలు. ఆ కేకల మధ్య వర్ష తన సొంత దరఖాస్తు పేజీ తెరిచింది.

ఆ నెలలోనే మూడో అంతస్తు కంప్యూటరూ, అయిదో అంతస్తు కంప్యూటరూ పుట్టి బుద్ధెరిగి మొదటిసారి మాట్లాడుకున్నాయి. (లిఫ్టు ఇంకా బాగుకాలేదు.)

"కోల్డ్‌కెటిల్ దీవిలో నివసిస్తున్నట్టు మీరు దరఖాస్తు చేసుకున్నారు. సదరు దీవిలో మనుషులెవరూ నివసించడం లేదని మా ఇన్‌స్పెక్టర్ స్వయంగా నిర్ధారించినందున మీ దరఖాస్తును తిరస్కరించడమైనది. దీనిపై దీవి నివాసులు ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చును. నివాసులు లేనందున అభ్యంతరాలు లేనట్టుగా భావించడమైనది."

ఒక్కొక్కరి ఫోనూ మోగింది. ఒక్కొక్క కేకా ఆగింది. మిసెస్ పైక్‌కు కూడా వచ్చింది. డెబ్బై ఏళ్ల క్రితం ఆమె పుట్టిన దీవిలో ఆమె లేదని తెలియజేయుటకు మండలివారు చింతిస్తున్నారు. ఆమె ఆ మాట రెండుసార్లు చదువుకుని, వర్ష పక్కన కూర్చుని, ఆమె చేయి పట్టుకుంది.

అప్పుడే కాల్గరీ నుంచి ఫోనొచ్చింది.

"చూశావామ్మా!" కాశీవిశ్వనాథం గొంతు సంతోషంతో పొంగిపోతోంది. "చెప్పానా, చూసుకుంటానని? జీరో! మనిషి వాసన లేదని రాశా. నిన్ను కూడా లెక్కలోంచి తీసేశా, రిస్కెందుకని. గైడ్ అనే కాలమ్‌లో 'అవసరం పడలేదు' అని వేశా. ఆ గడ్డపాయన కొత్త పక్షి గురించి ఎక్కడో రాశాడట, దాన్ని కూడా జతచేశా. మొత్తం దేశానికే ఫస్ట్! మీ ఆంటీ స్వీట్లు పంచుతోంది. పీఆర్ ఎప్పుడొస్తుందమ్మా?"

వర్ష నోరు తెరిచింది. అవతల ఫోన్లో సూర్యకుమారి, "ఏవండీ, ఆ సున్నుండలు అందరికీ అందాయో లేదో అడగండి," అంటోంది.

"అందినయ్ అంకుల్," అంది వర్ష. "ఆంటీకి థ్యాంక్స్ చెప్పున్రి." ఫోన్ పెట్టేశాక ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఇన్నేళ్లలో తన మార్కుల గురించి అంత సంతోషపడ్డ మనిషి ఈ దేశంలో ఆయనొక్కడే.

ఆమె పెట్టె సర్దుకున్న వారానికి వికాస్ కొత్త వీడియో పెట్టాడు. "దేశంలోనే నంబర్ వన్ దీవి! డబుల్ పాయింట్లు! జనం సున్నా, పోటీ సున్నా! గవర్నమెంటే చెప్పింది ఫ్రెండ్స్!"

వర్ష వెళ్లిపోవడానికి ఒడ్డున నిలబడ్డ రోజున, ఎదురుగా వచ్చిన ఫెర్రీ నిండా పెట్టెలు, దుప్పట్లు, కుక్కర్లు. ముందుగా దిగిన కుర్రాడు కొత్త జాకెట్‌లో వణుకుతూ, ఖాళీ వీధిని చూసి ముఖం వెలిగిపోతుండగా ఆమె దగ్గరకొచ్చాడు. వెనకాల హాలు దగ్గర రేవంత్, మిసెస్ పైక్, మూడువందలమందీ ఆమెకు వీడ్కోలు చెప్పడానికి చెప్పులేసుకుంటున్నారు.

"అక్కా, ఈడ నిజంగనే ఎవ్వరూ లేరు గదా?"

వర్ష ఒకసారి వెనక్కి చూసింది.

"ఎవరం లేం తమ్ముడూ," అంది.